మలుపులో టకటక



మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్ళనూ కలుపుతూ పోయే రోడ్డు ఒకటే, 42వ నంబరు జాతీయ రహదారి. అనంతపురం, కదిరి దాటి మదనపల్లెకు వస్తుంది. పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయి, అక్కణ్ణించి తమిళనాడులోని కృష్ణగిరి చేరుతుంది. ఈ రోడ్డు మీదా, దీన్నుంచి చీలిపోయే పల్లె దారుల మీదా కారు నడిపే వాళ్ళతో ఈ పూట కాసేపు మాట్లాడాలని వచ్చాను. కారు మొత్తం గురించి కాదు. ఒక్క భాగం గురించే. యాక్సిల్ జాయింటు.

మీలో కొందరికి ఈ శబ్దం తెలిసే ఉంటుంది. ఇరుకు సందులో స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి, బండి కదిలిస్తారు. ముందు చక్రం దగ్గర టక్, టక్, టక్ అని మొదలవుతుంది. బండి నేరుగా పోతే ఆగిపోతుంది. మళ్ళీ తిప్పితే మళ్ళీ వస్తుంది. షెడ్డుకు తీసుకుపోతారు. మెకానిక్ ఒక చుట్టు తిప్పి, విని, "యాక్సిల్ పోయింది నా" అంటాడు. ఎంతవుతుందని అడిగితే, చిన్న కారుకే వేలల్లో చెబుతాడు. పెద్ద కారైతే, కంపెనీ సర్వీసు సెంటరులో షాఫ్టు మొత్తం మార్చాలంటే, ఒక పక్కకే పదివేలు దాటిపోవచ్చు. ఒక పక్క చేస్తూ ఉండగానే, రెండో పక్క కూడా మార్చేద్దామా అని అడుగుతారు. నెల జీతం మీద బతికే ఇంట్లో, టమోటా ధర మీద ఆధారపడిన ఇంట్లో, ఆ మాట ఎంత బరువో నేను చెప్పనక్కరలేదు.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆ వేల రూపాయల ఖర్చు చాలాసార్లు జాయింటుకు తొడిగే కొన్ని వందల రూపాయల రబ్బరు బూటు దగ్గరే ఆగిపోవాల్సింది. బూటు చినిగినప్పుడు ఎవరూ చూడలేదు. అందువల్ల జాయింటు పోయింది. మరొక్కసారి చెబుతున్నాను. ముందు చినిగేది బూటు. తరువాత పోయేది జాయింటు. ఈ వరుస గుర్తుంటే మీ డబ్బు చాలావరకు మీ దగ్గరే ఉంటుంది.

అసలు ఈ జాయింటు ఎందుకు ఉందో చూద్దాం. అంబాసిడర్ కారు గుర్తుందా? దాని ఇంజను ముందుంటే, బలం వెనక చక్రాలకు పోయేది. బండి కింద పొడవాటి షాఫ్టు, దాన్ని వంగనిచ్చే కీళ్ళుగా క్రాసులు. ముందు చక్రాల పని మలుపు తిరగడమే. మన బొలెరోలో ఇప్పటికీ బలం వెనక చక్రాలకే పోతుంది. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందించారు. ఆ కారుతో మన దేశంలో మామూలు ఇళ్ళకు ఒక కొత్త పద్ధతి వచ్చింది. బండిని లాగేదీ ముందు చక్రాలే, మలుపు తిరిగేదీ ముందు చక్రాలే. ఇవాళ మన వీధుల్లో కనబడే ఆల్టో, స్విఫ్టు, డిజైర్, ఐ10, ఎర్టిగా, పెనుకొండలో తయారయ్యే కియా సెల్టోస్, అన్నీ ఇదే పద్ధతి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చక్రం పక్కకు తిరిగి ఉంటుంది, గుంతలో పడి పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. అదే సమయంలో దానికి ఇంజను బలం అందుతూనే ఉండాలి. మామూలు క్రాసు పెడితే, కోణం పెరిగేకొద్దీ చక్రం ఒక్క చుట్టులోనే రెండుసార్లు వేగం పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. స్టీరింగు చేతిలో కొట్టుకుంటుంది. ఈ చిక్కును విప్పినవాళ్ళలో ఆల్ఫ్రెడ్ షెప్పా ఒకడు. అమెరికాలో ఫోర్డు కంపెనీ ఇంజనీరు. 1926లో ఆయన తయారుచేసిన జాయింటులో ఒక గిన్నె, దానిలో ఒక కాయ, రెంటి మధ్య గాడుల్లో ఆరు ఉక్కు గుండ్లు ఉంటాయి. ఎంత వంచినా బలం ఒకే వేగంతో అందుతుంది. 1959లో ఇంగ్లండులో వచ్చిన మినీ కారు ఈ రకం జాయింటును లక్షల ఇళ్ళకు చేర్చింది. మన భుజం కీలు ఎలాగైతే ఎటు తిప్పినా పట్టు వదలదో, ఇదీ అంతే. కీలులో జిగురు ఆరిపోతే భుజం ఏమవుతుందో, గ్రీజు పోతే దీనికీ అదే అవుతుంది.

ఇంజను బలాన్ని ముందు చక్రానికి చేర్చే షాఫ్టుకు, అంటే యాక్సిలుకు, ఒక్కో పక్క రెండు జాయింట్లు ఉంటాయి. గేరుబాక్సు దగ్గర లోపలి జాయింటు. చక్రం దగ్గర బయటి జాయింటు. బయటిదే ఎక్కువ వంగుతుంది, కాబట్టి ఎక్కువసార్లు బాధపడేది అదే. రెండింటికీ మడతలు మడతలుగా ఉండే నల్లటి రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్నే బూటు అంటాం. దానిలో ప్రత్యేకమైన నల్లటి గ్రీజు ఉంటుంది. బూటు బాగున్నంత కాలం జాయింటును మీరు తలచుకోవాల్సిన పని లేదు. ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. కానీ రబ్బరు కదా, ఎండకు, వేడికి, వయసుకు పగులుతుంది. మన దారుల్లో కంకర రాయి తగులుతుంది, కంపముల్లు గుచ్చుకుంటుంది. బూటు చినిగిందంటే, తిరిగే షాఫ్టు గ్రీజును బయటికి విసిరేస్తుంది. అదే చీలికలోంచి దుమ్ము, నీళ్ళు లోపలికి పోతాయి. కుప్పం చుట్టుపక్కల గ్రానైటు క్వారీల దారుల్లో తిరిగే బండ్లకు ఆ దుమ్ము ఎలాంటిదో తెలుసు. రాతి పొడి కలిసిన గ్రీజు గుండ్లను ఉప్పుకాగితంలా అరగదీస్తుంది. గాడుల్లో గుంటలు పడతాయి. మీకు వినబడే టకటక, గుండ్లు ఆ గుంటల్లో పడి లేచే చప్పుడు.

పుంగనూరు దగ్గర ఒక రైతు ఉన్నాడనుకుందాం. పాత ఆల్టో. తెల్లవారుజామున టమోటా ధర చూసుకోడానికి మదనపల్లె మార్కెట్టుకు వస్తాడు. వానాకాలంలో బురద, వేసవిలో దుమ్ము. ఒక నాడు టైరు పంక్చరయింది. పంక్చరు కుర్రవాడు చక్రం ఊడదీసి, "అనా, లోపలంతా గ్రీజు చిమ్మింది, చూపించుకో" అన్నాడు. ఇక్కడ రెండు దారులున్నాయి. మొదటి దారిలో ఆ రైతు అదే వారం షెడ్డుకు పోయి బూటు మార్పించుకుంటాడు. బూటు కిట్టు, దానితోపాటు గ్రీజు పొట్లం, క్లిప్పులు, కూలి. వందల్లో తేలిపోతుంది. రెండో దారిలో, శబ్దమేమీ లేదుగా, కోత అయ్యాక చూద్దాంలే అనుకుంటాడు. కోత అయ్యేసరికి టకటక మొదలవుతుంది. ఇప్పుడు బూటు మారిస్తే చాలదు. జాయింటే కావాలి. రెండు దారుల మధ్య తేడా ఆ పంక్చరు కుర్రవాడి మాటను పట్టించుకోవడం, పట్టించుకోకపోవడం, అంతే.

కాబట్టి చూసుకోవడం ఎలాగో చెబుతాను. దీనికి జాకీ అక్కరలేదు. బండిని చదునైన చోట ఆపి, హ్యాండుబ్రేకు వేసి, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పండి. ఇంజను ఆపేసి, కిందికి దిగి, ముందు చక్రం వెనక సెల్‌ఫోను లైటు వేసి చూడండి. మడతల రబ్బరు కనబడుతుంది. మడతల మధ్య పగుళ్ళున్నాయా? క్లిప్పు ఊడిందా? చక్రం రిమ్ము లోపలి వైపు నల్లటి జిడ్డు చారలు ఉన్నాయా? ఆ చారలుంటే బూటు చినిగినట్టే. రెండో పక్కకు తిప్పి అటూ చూడండి. దయచేసి, ఒక్క జాకీని నమ్ముకుని బండి కిందికి మాత్రం దూరకండి.

శబ్దం కనుక్కోవడం కూడా తేలికే. ఖాళీ మైదానంలో స్టీరింగు పూర్తిగా తిప్పి, ఫస్టు గేరులో మెల్లగా ఒక చుట్టు తిరగండి. అద్దాలు దించి వినండి. కుడికి తిరిగేటప్పుడు టకటక వస్తే, ఎక్కువసార్లు ఎడమ చక్రం బయటి జాయింటు. ఎడమకు తిరిగేటప్పుడు వస్తే కుడిది. అలా కాక, నేరుగా పోతూ యాక్సిలరేటరు తొక్కినప్పుడు బండి వణికితే, లోపలి జాయింటును అనుమానించాలి. మలుపుతో సంబంధం లేకుండా, వేగంతో పాటు పెరిగే గూంయ్ మనే శబ్దమైతే అది చక్రం బేరింగు కావచ్చు. గుంతలో పడినప్పుడు మాత్రమే టక్ మంటే సస్పెన్షను లింకు రాడ్డో, బాల్ జాయింటో కావచ్చు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, లింకు రాడ్డు శబ్దానికి యాక్సిల్ మార్చుకుని, డబ్బు పోగొట్టుకుని, శబ్దంతోనే ఇంటికి వచ్చిన వాళ్ళున్నారు. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, శబ్దం ఎప్పుడు వస్తోందో వినిపించండి. ఏ పక్క, లోపలిదా, బయటిదా అని అడగండి. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు రాకుండా నట్టు విప్పనివ్వకండి.

ఇప్పుడు షెడ్డులో మాట. బూటు మాత్రమే చినిగింది, శబ్దం లేదు. అప్పుడు బూటు మార్చాలి, అంతే. జాయింటు విప్పి, పాత గ్రీజు మొత్తం కడిగి, గాడులు చూసి, ఆ జాయింటుకు సరిపోయే గ్రీజే నింపాలి. డబ్బాలో ఉన్న మామూలు గ్రీజు పూసేస్తే ఊరుకోవద్దు. క్లిప్పు బదులు బైండింగు వైరు చుడితే ఒప్పుకోవద్దు. ఆ వైరు కొత్త రబ్బరును కోస్తుంది. పగులు మీద బంకపూసి అతికించే చీలిక బూట్లు కూడా దొరుకుతాయి. దూర ప్రయాణం మధ్యలో ఆపదకు తప్ప, వాటిని నేను సిఫారసు చెయ్యను.

శబ్దం మొదలైంది. అప్పుడు కొత్త గ్రీజు నింపి, బూటు మార్చి, సరిపోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. గుంటలు పడిన గాడి గ్రీజుతో పూడదు. కొన్ని రోజులు శబ్దం తగ్గినట్టుంటుంది, మళ్ళీ వస్తుంది. ఆ గాడుల పైపొర గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగు చేసి లేతులో తీస్తే ఆ గట్టిదనం పోతుంది. కాబట్టి ఆ దారీ వద్దు. అలాగని షాఫ్టు మొత్తం మార్చాలనీ లేదు. చాలా చిన్న కార్లకు బయటి జాయింటు ఒక్కటే, బూటు, గ్రీజుతో సహా, విడిగా దొరుకుతుంది. షాఫ్టు వంగకపోతే, దాని చివరి పళ్ళు అరగకపోతే, లోపలి జాయింటు బాగుంటే, ఆ ఒక్కటి మారిస్తే చాలు. ఇది అడగకపోతే మీకు ఎవరూ చెప్పకపోవచ్చు. జాయింటు ఒక్కటే దొరుకుతుందా అని అడగండి. మళ్ళీ చెబుతున్నాను, జాయింటు ఒక్కటే దొరుకుతుందా అని అడగండి.

పని జరిగేటప్పుడు మూడు చోట్ల కన్ను పెట్టాలి. షాఫ్టు లాగితే గేరుబాక్సులోంచి ఆయిలు కారుతుంది. పోయినంత ఆయిలు తిరిగి పోశారో లేదో చూడాలి. అక్కడి ఆయిలు సీలు పాతదైతే అప్పుడే మార్పించుకోవడం మంచిది. చక్రం మధ్యలో ఉండే పెద్ద యాక్సిల్ నట్టు కొత్తది వేయించండి, టార్కు రెంచితో బిగించమనండి. అది వదులైతే బేరింగు పాడవుతుంది, మరో ఖర్చు. పనయ్యాక అలైన్‌మెంటు చూపించుకోండి.

సామాను ఎక్కడ కొనాలి? మన మూడు ఊళ్ళలో స్పేరు పార్టుల అంగళ్ళున్నాయి. అక్కడ లేకపోతే మనవాళ్ళు బెంగళూరు జేసీ రోడ్డుకు పోతారు. కుప్పం వాళ్ళకు రైలు సదుపాయం ఉంది. చెన్నైలో పుదుపేట పాత సామాను బజారు పేరుమోసింది. ఎక్కడికి పోయినా పాత జాయింటును సంచిలో వేసుకుని పోండి. ఒకే పేరు కారులో కూడా పెట్రోలుకు ఒకటి, డీజిలుకు ఒకటి, ఏడాది మారితే ఇంకొకటి ఉంటాయి. లోపలి పళ్ళు, బయటి పళ్ళు లెక్కపెట్టి సరిచూడాలి. ఏబీఎస్ బ్రేకులు ఉన్న కార్లలో కొన్నింటికి జాయింటు మీద పళ్ళ చక్రం ఒకటి ఉంటుంది, అది ఉందో లేదో చూడాలి. చాసిస్ నంబరు రాసుకుని పోతే ఇంకా మంచిది. పాత షాఫ్టు కొనడం తప్పని నేను అనను. బండి విలువే తక్కువైనప్పుడు అది న్యాయమైన దారే. కానీ చేత్తో పట్టుకుని మెలిపెట్టి చూడండి. లూజు ఉంటే వద్దు. బూటు అప్పటికే చినిగి ఉంటే అసలు వద్దు.

ధర విషయంలో ఒక సంగతి మీరు తెలుసుకోవాలి. 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. విడిభాగాలూ, రిపేరుకు కావలసిన సమాచారమూ బయటి షెడ్లకు అందకుండా చేశారన్నది అభియోగం. ఆ వ్యవహారం తరువాత అప్పీళ్ళలోకి వెళ్ళింది. కానీ ఒక వినియోగదారుడి ఫిర్యాదుతో మొదలైన ఆ కేసు, షాఫ్టు ధర ఎందుకంత అని మనమూ అడగవచ్చని చూపింది. ఇక పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. అంతకుముందు చాలా భాగాలకు 28 శాతం ఉండేది. మీ బిల్లులో ఏ శాతం వేశారో చూసుకోండి.

బిల్లు అన్నాను కాబట్టి ఇంకొక మాట. పని మొదలుపెట్టక ముందే ఎస్టిమేటు కాగితం మీద రాయించుకోండి. సామాను వేరు, కూలి వేరు. పాత భాగం తిరిగి ఇవ్వమనండి. అది మీది. మార్చిన జాయింటుకు ఎన్ని నెలల గ్యారంటీయో బిల్లు మీదే రాయించండి. మోసం జరిగిందనిపిస్తే, మొదట 1915 నంబరుకు ఫోను చెయ్యండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. ఇప్పటి వినియోగదారుల చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు లేకుండా మీరే చెప్పుకోవచ్చు. మోసం జరిగిన రెండేళ్ళ లోపు ఫిర్యాదు వెయ్యాలి. బిల్లు లేకపోతే మాత్రం ఇవన్నీ కష్టమవుతాయి.

శబ్దం వస్తున్నా కొన్నాళ్ళు నడపవచ్చా అని అడుగుతారు. మెల్లగా షెడ్డు దాకా పోవచ్చు. ఆ బండితో హార్సిలీ కొండ ఎక్కకండి, బోయకొండ ఎక్కకండి, రాత్రిపూట బెంగళూరు ప్రయాణం పెట్టుకోకండి. జాయింటు విరిగితే ఇంజను అరుస్తుంది, గేరు పడుతుంది, బండి మాత్రం కదలదు. దానికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ఎగుడు మీద ఆపినప్పుడు గేరులో వదిలేస్తే బండి నిలబడుతుందని మనకు అలవాటు. యాక్సిల్ విరిగిన బండిని గేరు ఆపలేదు. ఆటోమేటిక్ కారులో పార్కింగు గేరు కూడా ఆపలేదు. అది వెనక్కి దొర్లుతుంది. వెంటనే హ్యాండుబ్రేకు లాగండి, దిగి చక్రం కింద రాయి పెట్టండి. పిల్లలను బండి వెనక నిలబడనివ్వకండి. బ్రేకులు, స్టీరింగు పనిచేస్తూనే ఉంటాయి, కంగారు పడకండి.

ఎలక్ట్రిక్ కారు కొంటే ఈ బాధ ఉండదా అని కొందరు అడుగుతున్నారు. ఇంజను ఉండదు కానీ యాక్సిలూ, జాయింట్లూ, బూట్లూ అందులోనూ ఉంటాయి. చూసుకోవడం తప్పదు.

మన ఊళ్ళ మెకానిక్‌లకూ ఒక విన్నపం. సర్వీసుకు వచ్చిన ప్రతి కారుకూ, ఆయిలు మార్చేటప్పుడే నాలుగు బూట్లూ చూసి, చినిగితే బండి ఓనరుకు చూపించండి. టైరు అంగడి తమ్ముళ్ళూ, చక్రం ఊడదీసినప్పుడు లోపల జిడ్డు కనబడితే చెప్పండి. మీరు చెప్పే ఆ ఒక్క మాట ఒక ఇంటికి వేల రూపాయలు మిగులుస్తుంది.

శ్రోతలారా, ఇంటి ముందు మీ కారు నిలబడి ఉంటే, ఈ రోజే స్టీరింగు ఒక పక్కకు తిప్పి, ఆ చక్రం వెనక లైటు వేసి బూటు చూడండి.